బండి నడిపిన సిపాయికి యుద్ధ పతకం రాదా?

మాజీ సైనికుల ప్రశ్నలు, జవాబులు
జవాబులు: రిటైర్డ్ సుబేదార్ (క్లర్క్), శ్రీకాకుళం

ప్రశ్న: మా నాన్నగారు 1969లో ఆర్టిలరీలో (ఫిరంగి దళం) డ్రైవర్‌గా చేరి, 1986లో నాయక్‌గా రిటైరయ్యారు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దు దాటి వెళ్లారు. 25 పౌండర్ ఫిరంగి గుండ్లు శక్తిమాన్ ట్రక్కులో వేసుకుని, రాత్రిపూట లైట్లు ఆర్పేసి ఫిరంగుల దగ్గరికి చేర్చేవారట. ట్రంకుపెట్టెలో రెండు గుండ్రటి పతకాలు ఉన్నాయి, ఫోటో పంపుతున్నాను. యుద్ధ పతకం ఏదీ అని అడిగితే "నేను తుపాకీ పేల్చలేదు కదమ్మా, నాకెందుకిస్తారు" అంటారు. మా పక్క ఊరాయన ఒకరు పదిహేను వేలు ఇస్తే వీర చక్రకు దరఖాస్తు పెట్టిస్తానని, నెలనెలా డబ్బు కూడా వస్తుందని చెబుతున్నారు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట దగ్గర పల్లె

జవాబు: అమ్మా, ముందు ఆ పదిహేను వేల సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. వీర చక్ర ఇప్పిస్తానన్న మనిషికి ఆ పతకం ఎలా వస్తుందో తెలియదు, లేదా తెలిసే మిమ్మల్ని మోసం చేస్తున్నాడు.

పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర శౌర్య పతకాలు. వీటికి ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవడం ఉండదు. ఫలానా రోజు, ఫలానా చోట ఈ సిపాయి ఈ పని చేశాడని కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు రాయాలి. అది పై హెడ్‌క్వార్టర్లన్నీ దాటి రాష్ట్రపతి ఆమోదం దాకా వెళ్లాలి. అప్పట్లో ఆ సిఫారసు కాగితం పుట్టకపోతే ఇన్నేళ్ల తర్వాత పుట్టించడం ఎవరి తరమూ కాదు. నెలనెలా వచ్చే డబ్బు కూడా ఇలాంటి శౌర్య పతకాలకే. 2017 ఆగస్టు నుంచి కేంద్రం పరమవీర చక్రకు నెలకు 20,000, మహావీర చక్రకు 10,000, వీర చక్రకు 7,000 రూపాయలు ఇస్తోంది. ఆ అంకెలు చెప్పి ఆశపెట్టేవాళ్లు మన జిల్లాలో కొందరు తయారయ్యారు. వాళ్లను గుమ్మం దగ్గరే ఆపేయండి.

ఇక నాన్నగారి మాట. "తుపాకీ పేల్చలేదు" అనే ఈ మాట సర్వీసులో ఉండగా వంటవాళ్ల దగ్గర, డ్రైవర్ల దగ్గర, నర్సింగ్ అసిస్టెంట్ల దగ్గర విన్నాను. విన్నప్పుడల్లా మనసుకు కష్టంగా ఉండేది. నాన్నగారికి నా మాటగా చెప్పండి: సర్వీస్ పతకానికి ప్రభుత్వం అడిగేది ఎంతమందిని కొట్టావని కాదు. ఆ రోజుల్లో ఏ యూనిట్‌లో ఉన్నావు, ఆ యూనిట్ ఎక్కడ ఉంది, నువ్వు దానితోపాటు ఉన్నావా లేదా, అంతే. 1971లో తూర్పు యుద్ధరంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమర రంగంలో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ పెట్టారు. ఫిరంగి పేల్చే గన్నర్‌కీ, అతని గన్ దాకా గుండు చేర్చిన డ్రైవర్‌కీ ఇందులో తేడా లేదు. ఒక్కో గుండు బరువు దాదాపు పదకొండు కిలోలు. అవి చీకట్లో సమయానికి చేరకపోతే ఆ గన్నులు ఏం పేలుస్తాయి?

మీరు పంపిన ఫోటోలో ఒకటి సంగ్రామ్ మెడల్. 1971 డిసెంబర్ 3 నుంచి 1972 డిసెంబర్ 20 లోపు సరిహద్దు రాష్ట్రాల్లో పనిచేసినవారికి ఇచ్చింది. రెండోది స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా, 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి ఇచ్చింది. పూర్వీ స్టార్ గుండ్రంగా ఉండదు, ఐదు కొమ్ముల నక్షత్రంలా ఉంటుంది. అది మీ పెట్టెలో లేదు. పదిహేడేళ్లు సర్వీసు చేశారు కాబట్టి తొమ్మిదేళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ కూడా ఉండాలి. అదీ కనపడలేదు.

ఇప్పుడు డిశ్చార్జ్ బుక్ (రిటైరైనప్పుడు సైన్యం ఇచ్చిన సర్వీసు వివరాల పుస్తకం) తీయండి. పతకాల వివరాలు రాసే చోట పూర్వీ స్టార్ పేరు ఉందేమో చూడండి. ఉంటే నాన్నగారికి అది మంజూరైనట్టే, చేతికి రాలేదు లేదా పోయింది. అప్పుడు అడగాల్సింది పతకాన్ని మాత్రమే. నా అనుభవంలో ఇలాంటివే ఎక్కువ. పతకం తయారై యూనిట్‌కి వచ్చేసరికి మనిషి వేరే చోటికి పోస్టింగ్ మీద వెళ్లిపోయి ఉంటాడు, లేదా ఇంటికి వచ్చేసి ఉంటాడు. పేరు లేకపోతే మాత్రం మొదటినుంచీ క్లెయిమ్ చేయాలి. 1971 డిసెంబర్‌లో ఆయన ఏ రెజిమెంట్‌లో, అందులో ఏ బ్యాటరీలో (ఫిరంగుల జట్టు) ఉన్నారో రాస్తే, సర్వీసు కాగితాలు దాచే రికార్డ్ ఆఫీసు వాళ్లు పాత పార్ట్ టూ ఆర్డర్లు (సిపాయి సర్వీసు మార్పులు నమోదు చేసే ఉత్తర్వులు), యూనిట్ వివరాలు చూసి తేలుస్తారు.

ఇక్కడ మన తెలుగువాళ్లకు తరచూ వచ్చే చిక్కు ఒకటుంది, నిదానంగా చదవండి. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. భర్తీ రోజున ఎదురుగా కూర్చున్న క్లర్కుకి అది తెలియదు. అప్పలనాయుడు అని చెబితే "అప్పల్ నాయుడు" అని రెండు ముక్కలుగా రాస్తాడు. సూర్యనారాయణ "ఎస్ నారాయణ్" అయిపోతాడు. ఆ తర్వాత ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా. మీ చేతిలో ఉన్న సంగ్రామ్ మెడల్‌ని వెలుతురులో పెట్టి అంచు చుట్టూ తిప్పి చూడండి. సన్నని ఇంగ్లిష్ అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. డిశ్చార్జ్ బుక్‌లోనూ అదే స్పెల్లింగ్ ఉంటుంది. దరఖాస్తులో సరిగ్గా అదే రాయండి, తప్పుగా కనిపించినా సరే. ఆధార్‌లో వేరేగా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. ఈ ఒక్క అక్షరం తేడాతో ఫైళ్లు తిరిగొచ్చి, అలాగే మూలన పడిపోయినవి చూశాను.

దరఖాస్తు తెల్లకాగితం మీద, నాన్నగారి సంతకంతోనే ఉండాలి. సర్వీస్ నంబరు, ర్యాంకు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, పీపీవో (పెన్షన్ ఆర్డర్) నంబరు, పనిచేసిన యూనిట్లు, అడుగుతున్న పతకాల పేర్లు రాసి, డిశ్చార్జ్ బుక్ పేజీలన్నీ జిరాక్స్ తీయించి పెట్టండి. శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం (మనవాళ్లు సైనిక్ బోర్డు అంటారు) ద్వారా ఫార్వర్డింగ్ లెటర్‌తో పంపితే మంచిది. ఆర్టిలరీ రికార్డ్స్ నాసిక్ రోడ్ క్యాంపులో ఉంటుంది. ఒక కాపీ మీరే నేరుగా అక్కడికి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. ఎంతకీ జవాబు రాకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, తనకు మంజూరైన పతకాల జాబితా నాన్నగారే అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పూర్వీ స్టార్‌కి డబ్బు రాదమ్మా. అది ముందే తెలుసుకోండి. అయినా అడగండి. ఆయన కష్టానికి దక్కాల్సింది అది.

ప్రశ్న: మా తాతయ్య 1965లో సైన్యంలో ఉన్నారు కానీ యుద్ధానికి వెళ్లలేదు, సికింద్రాబాద్‌లోనే ఉండిపోయారు. ఆయనకు పతకం ఏదైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఉంటుంది బాబూ. రక్షా మెడల్ 1965. ఆ ఏడాది ఆగస్టు 5 నాటికి సర్వీసులో ఉండి, 180 రోజులు పూర్తిచేసినవారికి అది వర్తిస్తుంది, సరిహద్దుకు వెళ్లక్కర్లేదు. యుద్ధరంగంలో ఉన్నవారికి ఇచ్చిన సమర్ సేవా స్టార్ మాత్రం ఆయనకు రాదు. తాతయ్య లేకపోతే నాయనమ్మగారి పేరు మీద, వారూ లేకపోతే వారసులుగా మీరు రాయవచ్చు.

ప్రశ్న: సియాచిన్‌లో పనిచేసినప్పుడు ఫ్రాస్ట్‌బైట్ (మంచుకు వేళ్లు గడ్డకట్టి చచ్చుబడటం) వచ్చి ఎడమకాలి రెండు వేళ్లు తీసేశారు. గాయపడినవారికి ఇచ్చే వూండ్ మెడల్ నాకు ఇవ్వలేదు. ఎవరిని అడగాలి? ఇన్నాళ్లూ ఇదే టెన్షన్.
– మాజీ హవల్దార్, కవిటి

జవాబు: హవల్దార్ సాబ్, వూండ్ మెడల్ శత్రువు చేతిలో నేరుగా గాయపడినవారికి. తూటా, షెల్ ముక్క, మందుపాతర, మిలిటెంట్ల కాల్పులు, ఇలాంటివి. మంచు తీసుకున్న వేళ్లు దాని కిందికి రావు. ఆ నియమం నాకూ న్యాయంగా అనిపించదు. సియాచిన్‌లో 1984 నుంచి మనవాళ్లను తూటాల కంటే ఎక్కువ పొట్టన పెట్టుకున్నది చలీ, హిమపాతాలే. అయినా నియమం అది, మిమ్మల్ని ఆశపెట్టి తిప్పడం నాకు ఇష్టం లేదు. సియాచిన్ గ్లేసియర్ మెడల్ మాత్రం మీ హక్కు. అది డిశ్చార్జ్ బుక్‌లో ఉందో లేదో చూడండి.

మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. మీకు డిసేబిలిటీ పెన్షన్ వస్తోందా? పతకానికి శత్రువు ఉండాలి, పెన్షన్‌కి అక్కర్లేదు. వైకల్యం సైనిక సేవ వల్ల వచ్చిందని, లేదా దానివల్ల ముదిరిందని మెడికల్ బోర్డు ఒప్పుకోవడమే అందులో ముఖ్యం. రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్‌లో (రిటైరయ్యేటప్పుడు చేసిన వైద్య పరీక్ష కాగితాలు) వైకల్యం ఎంత శాతం రాశారో, కారణం ఏమని రాశారో ముందు చూడండి. మీ దగ్గర కాపీ లేకపోతే రికార్డ్ ఆఫీసుని అడిగి తెప్పించుకోండి. సంబంధం లేదని రాసి ఉంటే అప్పీలు వేయవచ్చు. అక్కడా కాదంటే సైనికుల సర్వీసు కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మన రాష్ట్రం చెన్నై బెంచ్ కిందికి వస్తుంది. ఆ ప్రొసీడింగ్స్ పేజీలు, వేళ్లు తీసినప్పటి హాస్పిటల్ కాగితం ఫోటోలు తీసి ఈ శీర్షికకే పంపండి. అప్పీలు ఎలా రాయాలో వచ్చే నెల సంచికలో చెబుతాను.