నీడ ఒక టైమ్, ఫోన్ ఒక టైమ్

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం డాబా మీద నీడ గడియారం చేశాం. ఫిబ్రవరి రెండో వారంలో చూస్తే, అది 12 చూపించేసరికి ఫోన్‌లో పన్నెండున్నర అయింది. ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లోనే ఉంది. తప్పు దేనిది?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

దేనిదీ కాదు. మీ నీడ గడియారం చక్కగా కుదిరింది, అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.

ఫోన్ మీ ఊరి రేఖాంశం చూసి టైమ్ లెక్కగట్టదు. టవర్ నుంచో నెట్ నుంచో అంతర్జాతీయ సమయం తెచ్చుకుని, ఉన్నది ఇండియాలో కాబట్టి ఐదున్నర గంటలు కలుపుతుంది, అంతే. ఈ ఐదున్నర 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. 82.5ని 4తో గుణిస్తే 330 నిమిషాలు. ఆ గీత మన తుని పక్కనుంచే పోతుంది. హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. నాలుగు డిగ్రీలు పడమరకు ఉన్నారు కాబట్టి సూర్యుడు మీ డాబా మీదికి 16 నిమిషాలు లేటుగా వస్తాడు.

మిగతా 14 నిమిషాలు ఫిబ్రవరివి. భూమి కక్ష్య అచ్చమైన వృత్తం కాదు, పైగా భూమి ఒరిగి తిరుగుతుంది. అందుకే ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నానికి సరిగ్గా 24 గంటలు ఉండవు. గడియారం సగటు లెక్కతో నడుస్తుంది. ఫిబ్రవరిలో సూర్యుడు ఆ సగటుకు వెనకబడతాడు, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు. అప్పుడు చూడండి, మీ ఊరి 16 నిమిషాల లేటు అక్కడికక్కడికి సరిపోయి నీడా ఫోనూ కలిసే 12 కొడతాయి. ఈలోపు ప్రాజెక్టు గడువు దాటిపోతుందనుకోండి!

అన్నవరం కొండ మీద నీడ గడియారం చూసే ఉంటారు. అది 82.4 డిగ్రీల దగ్గర ఉంది, కాబట్టి ఊరి తేడా అర నిమిషం కూడా రాదు. నెలల తేడా మాత్రం దానికీ తప్పదు.

ఊళ్ల రేఖాంశాలతో స్థానిక సమయం తేడా ఎక్సెల్‌లో తీస్తున్నాను. విశాఖకు వస్తోంది, తిరుపతికి మాత్రం వరసగా హ్యాష్ గుర్తులు వస్తున్నాయి.

విశాఖ 82.5కి తూర్పున ఉంది, తేడా ప్లస్. తిరుపతి పడమరన, 12 నిమిషాలు మైనస్. మామూలు సెట్టింగుల్లో ఎక్సెల్ మైనస్ టైమ్ చూపించలేదు, కాలమ్ ఎంత వెడల్పు చేసినా అంతే. తేడాను టైమ్ ఫార్మాట్‌లో కాకుండా మామూలు అంకెగా ఉంచండి. గడియారం టైమ్‌కు కలిపేటప్పుడు 1440తో భాగించండి. ఎక్సెల్‌కు రోజంటే 1. భాగించడం మరిచిపోతే 12 నిమిషాలు కాస్తా 12 రోజులైపోతాయి.

ఇంకోటి. పాత పట్టికల్లో 78 డిగ్రీల 29 నిమిషాలు అని ఉంటే 78.29 అని కొట్టకండి. 29ని 60తో భాగించాలి, 78.48 వస్తుంది.

డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి పంచాంగం యాప్‌లో సూర్యోదయం సాయంత్రం ఆరున్నరకు చూపిస్తోంది!

రేఖాంశం 96.8 అని పెట్టి ఉంటాడు. పడమర కాబట్టి ముందు మైనస్ ఉండాలి. అది లేకపోతే యాప్ టిబెట్ పీఠభూమి మీద పొద్దును డల్లాస్ గడియారంలో చూపిస్తుంది. టైమ్‌జోన్ లిస్టులో డల్లాస్ కనిపించకపోతే చికాగో ఎంచుకోమనండి, జోన్ ఒకటే. ‘మైనస్ 6’ అని చేత్తో పెడితే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా గంట తేడా వస్తుంది, ఆ నెలల్లో వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుకుంటారు. మీరు అతనికి ఫోన్ చేసేటప్పుడూ ఇదే లెక్క: చలికాలంలో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, మిగతా రోజుల్లో పదిన్నర.