తలుపు ఎటు తెరుచుకుంటుంది?

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ చదివాను. భాష బాగుంది, సంభాషణలు ఇంకా బాగున్నాయి. మీ అమ్మమ్మ మధ్యమధ్యలో తమిళం కలిపి కసురుకోవడం చూసి నవ్వుకున్నాను. కానీ చెన్నై షావుకారుపేటలో ఆవిడ ఉన్న ఇల్లు మాత్రం కనపడలేదు. 'పాతకాలపు ఇల్లు', 'విశాలమైన వంటగది', 'చల్లటి నీళ్ల బావి' అన్నావు. ఇవి ఏ ఊళ్లో ఏ అమ్మమ్మ ఇంటికైనా సరిపోతాయి. (షావుకారుపేటలో విశాలమైన వంటగది నేనైతే ఎన్నడూ చూడలేదు!)

ఫోన్లో అడిగితే, "చిన్నప్పటి సంగతి కదండీ, గుర్తులేదు" అన్నావు. ఒక తెల్లకాగితం తీసుకుని ఆ ఇంటి ప్లాన్ గీసి చూడు, ఎంత గుర్తుందో నీకే తెలుస్తుంది. రాసేటప్పుడు 'గుమ్మం దాటితే మండువా' అనేసి ముందుకు పోవచ్చు. పెన్సిల్ పట్టుకున్నాక అలా కుదరదు. గుమ్మం గీశావంటే తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికో తేల్చాలి. బావి గీస్తే గిలక దేనికి వేలాడదీశారో తేల్చాలి. రెండు స్తంభాల మీద వేసిన దూలానికా, గోడలో పాతిన ఇనపకమ్మీకా? తోడడం అయ్యాక తడితాడు ఎక్కడ వేసేవాళ్లు? అంట్లు తోమిన నీళ్లు ఎటు పోయేవి? ఇక్కడిదాకా వస్తే తూముకి అడ్డం పెట్టిన చిల్లుల రేకు, దాని మీద తేలిన మెతుకులు, వాటికోసం పెరటిగోడ మీద కాచుక్కూచున్న కాకి, ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. కథకి చివరికి పనికొచ్చేది ఆ కాకే కావచ్చు.

కొన్నిచోట్ల చెయ్యి ఆగిపోతుంది. మేడమెట్లు ఎక్కడ మొదలయ్యేవో తట్టదు. తొందరపడి ఊహించి పూరించకు. అక్కడో ప్రశ్నార్థకం పెట్టి మీ అమ్మనీ పిన్నినీ విడివిడిగా అడుగు. ఇద్దరూ చెరో మాటా చెబితే నీ పంట పండినట్టే.

ఇది నా చాదస్తం అనుకునేవు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో గీయడానికీ గుర్తుండడానికీ ఉన్న సంబంధం మీద ప్రయోగాలు ప్రచురించారు. కొందరికి మామూలు పదాలు ఇచ్చి, కొన్నిటికి బొమ్మ గీయమన్నారు, కొన్నిటిని పదేపదే రాయమన్నారు. తర్వాత అడిగితే, రాసిన వాటికన్నా గీసినవే ఎక్కువ గుర్తున్నాయి. బొమ్మ ఎంత బాగా గీశారన్న దానితో నిమిత్తం లేదు. గీసేటప్పుడు ఆ వస్తువు గురించి ఆలోచించాలి, చెయ్యి కదపాలి, గీసిందాన్ని చూడాలి. ఆ మూడూ కలిసి జ్ఞాపకాన్ని గట్టిపరుస్తాయని వాళ్ల వివరణ. కాబట్టి నీకు బాపు గీతలు రానక్కర్లేదు. బాల్ పెన్ను, పాల బిల్లు వెనకవైపు చాలు.

ఫొటోలు ఉన్నాయి కదా అంటావు. ఉంచుకో, రంగులకి పనికొస్తాయి. కానీ అమెరికాలో లిండా హెంకెల్ అనే ఆవిడ మ్యూజియంలో చేసిన ప్రయోగంలో, ఫొటో తీసిన వస్తువుల వివరాలు ఊరికే చూసిన వాటికన్నా తక్కువ గుర్తున్నాయి. ఫోన్ చూసుకుంటుందిలే అని మనం చూడ్డం మానేస్తాం.

నమ్మకం కుదరకపోతే ఇంకో పని చెయ్యి. మెరీనా బీచిలో ఉళైప్పాళర్ శిలై, అదే శ్రామికుల విగ్రహం, ఎన్నిసార్లు చూసుంటావో! దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ఆ శిల్పం 1959 నుంచీ అక్కడే ఉంది. బండని కదిలిస్తున్న ఆ నలుగురినీ ఇంట్లో కూచుని గీయి. ఎవరి వీపు వంగింది, ఎవరి కాలు ఎక్కడ తన్నిపెట్టి ఉంది? తర్వాత కాగితం పట్టుకుని బీచికి వెళ్లు. అప్పుడు చూసే చూపు వేరుగా ఉంటుంది. నేను వీధులకీ అంతే చేస్తాను. రంగనాథన్ వీధిలో నిలబడి గీయబోతే జనం తోసుకుపోతారు. ఇంటికొచ్చి గీసుకుని, మిగిలిపోయిన ఖాళీల కోసం మళ్లీ వెళతాను.

ఒక్క జాగ్రత్త. గీసిందంతా కథలోకి ఎక్కించకు. బావి గురించి ఒక వాక్యం చాలు, గిలక కిర్రుమనడం రెండోసారి వద్దు. ప్లాన్ నీకోసం. మీ అమ్మమ్మ వంటింట్లోంచి కేకేస్తే వీధి అరుగు మీద ఉన్న తాతయ్యకి వినపడుతుందా లేదా అన్నది నీకు తెలిస్తే, రెండో పేజీలో ఆ గొడవ ఇంకోలా రాస్తావు. ఇప్పుడున్నట్టయితే ఆయనకి వినపడే అవకాశమే లేదు.

తిరగరాశాక కథతోపాటు ఆ ప్లాన్ కూడా తీసుకురా. కొట్టివేతలు, ప్రశ్నార్థకాలు చెరపకు. ఆదివారం తప్ప ఎప్పుడైనా మాంబలంలోనే ఉంటాను.