బ్యాండ్ తీయించి స్లీవ్ చేయించుకోవచ్చా? ముందు ఆ పులుపు సంగతి తేల్చుకోండి

పాలకొల్లు దగ్గర నుంచి ఒకామె అడిగిన ప్రశ్న ఇది. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి కడుపుకి గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్నారు. మొదట్లో బాగా తగ్గారు, తర్వాత మళ్లీ పెరుగుతూ వచ్చారు. ఇప్పుడు అన్నం గొంతు దిగడం లేదు, రాత్రి పడుకుంటే పులుపు నోట్లోకి వస్తోంది, అయినా బరువు తగ్గడం లేదు. బ్యాండ్ తీసేసి స్లీవ్ (జీర్ణాశయాన్ని కత్తిరించి చిన్నది చేసే ఆపరేషన్) చేద్దామని డాక్టరు అన్నారు. ‘ఒకసారి కోయించుకున్నది చాలదా’ అని అత్తగారు అంటున్నారు. చేయించుకోవచ్చా, రెండూ ఒకేసారి చేస్తారా, తర్వాత అందరిలా తినగలనా అని అడిగారు.

మాది అమలాపురం దగ్గరండి. నేనూ కొన్నేళ్లు బ్యాండ్‌తో ఉండి, తర్వాత అది తీయించి స్లీవ్ చేయించుకున్నాను. డాక్టర్ని కాదు, రెండూ ఒంటి మీద అనుభవించాను కాబట్టి చెబుతున్నాను. మీరు రాసినదాంట్లో బరువు కంటే, అన్నం దిగకపోవడం కంటే నా దృష్టి ఆగింది రాత్రిపూట వచ్చే ఆ పులుపు దగ్గర. మీకు స్లీవ్ మంచిదా, బైపాస్ (జీర్ణాశయంలో చిన్న సంచి చేసి నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్) మంచిదా అన్నది చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది. అది తేలేదాకా ఆపరేషన్‌కి తేదీ తీసుకోకండి.

ఎందుకో చెబుతాను. బ్యాండ్ అంటే జీర్ణాశయం పైభాగాన చుట్టిన సిలికాన్ వలయం. చర్మం కింద పెట్టిన పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. బిగుతు ఎక్కువైతే తిన్నది కిందికి పోక పైనే నిలిచిపోతుంది, పడుకోగానే గొంతులోకి వస్తుంది. బ్యాండ్ పక్కకి జారినా, దాని పైనున్న చిన్న సంచి సాగినా ఇదే అవస్థ. ఏళ్ల తరబడి అలాగే ఉంటే అన్నవాహిక కూడా సాగుతుంది. ఇది బ్యాండ్ తెచ్చిన పులుపు. బ్యాండ్ వదులు చేస్తే చాలామందికి పోతుంది.

ఇంకో రకం ఉంది. అన్నవాహిక చివర ఉండే కవాటం బలహీనపడి గానీ, హయటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) ఉండి గానీ యాసిడ్ పైకి ఎగదన్నడం. ఇది బ్యాండ్ తీసినంత మాత్రాన పోదు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువుగా కత్తిరించి సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం, దాని లోపల ఒత్తిడి ఎక్కువ. కవాటం ముందే బలహీనంగా ఉన్నవాళ్లకి స్లీవ్ తర్వాత యాసిడ్ బాధ ముదిరే అవకాశం ఉంది. అలాంటివాళ్లకి సర్జన్లు రూ-ఎన్-వై అనే రకం బైపాస్ వైపు మొగ్గుతారు. బ్యాండ్‌ని ఎప్పుడైనా విప్పవచ్చు. స్లీవ్‌లో కత్తిరించి తీసిన భాగం మళ్లీ రాదు.

కాబట్టి మొదట చేయించుకోవాల్సింది ఆపరేషన్ కాదండి, బ్యాండ్‌లో ఉన్న సెలైన్ అంతా తీయించడం. మామూలు ఇంజెక్షన్ సూదితో పోర్టుని గుచ్చితే అది కారిపోతుంది, దానికి వేరే సూది ఉంటుంది. బరువు ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ సర్జన్ దగ్గరే చేయించుకోండి. నాకు తీసిన రోజు బాగా గుర్తు. బొడ్డుకి పైన, ఎడమ పక్కన గట్టి బొత్తాంలా చేతికి తగిలే పోర్టు మీద వేళ్లతో వెతికి, సూది గుచ్చి లాగారు. కొద్ది నిమిషాల పని. తిరిగి వస్తూ రావులపాలెంలో దిగి ఇడ్లీ తిన్నాను. రొమ్ము వెనక ఆగకుండా అది సాఫీగా దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వారంలోనే రాత్రి పులుపు తగ్గిపోయింది. నా బాధ బ్యాండ్ బిగుతు వల్లనే అని డాక్టరుకి అలా ఒక ఆధారం దొరికింది. మీకు సెలైన్ తీశాక కూడా కొన్ని వారాలపాటు పులుపు అలాగే వస్తుంటే, ఆ మాట సర్జన్‌కి గట్టిగా చెప్పండి.

దాంతోపాటు ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే (తెల్లటి మందు తాగించి తీసేది) తప్పకుండా చేయించుకోండి. బ్యాండ్ జీర్ణాశయం గోడని కోసుకుంటూ లోపలికి వచ్చేసిందా, పుండ్లు ఉన్నాయా, పుండ్లు తెచ్చే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా ఉందా అన్నది ఎండోస్కోపీలో తెలుస్తుంది. జారిందా, అన్నవాహిక సాగిందా అన్నది బేరియంలో కనిపిస్తుంది. అనుమానం మిగిలితే అన్నవాహిక కండరాల పనితీరు చూసే మానోమెట్రీ కూడా అడగండి. ఇవేవీ చేయకుండా ‘అమ్మా, వచ్చే వారం స్లీవ్ చేసేద్దాం’ అనే చోట ఆగకండి, ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి.

బరువు మళ్లీ పెరిగినందుకు మీరు సిగ్గుపడుతున్నట్టు మీ రాతలో కనిపించింది. అక్కర్లేదండి. 2008 ప్రాంతంలో ప్రపంచమంతా జరిగిన బరువు తగ్గించే ఆపరేషన్లలో 40 శాతానికి పైగా బ్యాండ్లే. ఇప్పుడు వేసేవాళ్లు చాలా తక్కువ. కారణం వేయించుకున్నవాళ్ల బద్ధకం కాదు. జారడం, సాగడం, లోపలికి కోసుకుపోవడం, పోర్టు కారడం లాంటి వాటితో ఏళ్లు గడిచేకొద్దీ చాలామంది తీయించుకోవాల్సి వచ్చింది. మనలాంటివాళ్లం చాలామందిమి ఉన్నాం.

దానికి తోడు బ్యాండ్ తిండి అలవాటుని తలకిందులు చేస్తుంది. కోడికూర, చపాతీ, ముద్దగా ఉండే అన్నం దగ్గర అడ్డుపడుతుంది. ఐస్‌క్రీమ్, పాయసం, నోట్లో కరిగిపోయే పూతరేకులు సులువుగా వదిలేస్తుంది. మా పిన్ని కూతురి పెళ్లిలో పంక్తిలో కూర్చున్నాను. పప్పూ అన్నం మొదటి ముద్దే ఆగిపోయింది. నోట్లో జొల్లు ఊరిపోతోంది, ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు నొప్పి. పక్కన వడ్డిస్తున్నాయన ‘ఏంటమ్మా, ఏమీ ముట్టుకోలేదు, మా వంట నచ్చలేదా’ అంటున్నాడు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పందిరి వెనక్కి పరుగెత్తాను. నురగ తప్ప ఏమీ రాలేదు. సాయంత్రానికి ఆకలి వేస్తే దిగింది ఏమిటి, కాజా పాకం, కూల్‌డ్రింకు. మీరూ అన్నం దిగక వీటి మీద బతుకుతూ ఉంటే, తినేది కొంచెమే అయినా బరువు ఎందుకు తగ్గడం లేదో అర్థమవుతుంది. సర్జన్‌కీ, డైటీషియన్‌కీ రోజంతా ఏం దిగుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. స్లీవ్ తర్వాత తీపి ఇంకా సులువుగా జారుతుంది, ఈ అలవాటు ముందే మార్చుకోవాలి.

ఇక ఒకేసారా, రెండుసార్లా అన్నది. రెండూ చేస్తారు. బ్యాండ్ చుట్టూ ఏళ్ల తరబడి మచ్చ కణజాలం గట్టిపడి ఉంటుంది. స్లీవ్‌లో స్టేప్లర్ పిన్నులు పడేది దాని పక్కనుంచే. ఆ గట్టి చోట కుట్టు సరిగ్గా పట్టకపోతే లీక్ అవుతుంది. అందుకే మొదటిసారే స్లీవ్ చేయించుకున్నవాళ్ల కంటే మనలాంటివాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. లోపల శుభ్రంగా ఉంటే ఒకే ఆపరేషన్‌లో ముగిస్తారు. బ్యాండ్ లోపలికి కోసుకుపోయి ఉన్నా, వాపు ఉన్నా, ముందు బ్యాండ్ తీసి మూడు నెలలో, ఇంకాస్త ఎక్కువో ఆగి స్లీవ్ చేస్తారు. నాకు రెండు విడతలుగానే చేశారు. మధ్యలో ఆ నెలలు చాలా కష్టం. బ్యాండ్ లేదు, స్లీవ్ లేదు, ఆకలి విరుచుకుపడుతుంది, బరువు పెరుగుతుంటే ఇంట్లో అందరికీ టెన్షన్. మత్తు రెండుసార్లు, ఖర్చు రెండుసార్లు. అయినా నా మాట ఒకటే, ఒకేసారి చేసేయమని సర్జన్‌ని ఒత్తిడి చేయొద్దు. లోపల చూశాక నిర్ణయం మార్చుకునే వీలు ఆయనకి ఉంచండి, సమ్మతి పత్రంలో రెండూ రాయించండి. ఇలా బ్యాండ్ తీసి స్లీవ్, బైపాస్ చేసిన అనుభవం ఉందా అని మొహమాటపడకుండా అడగండి. మామూలు స్లీవ్‌లు చాలా చేసి ఉండటం దీనికి సరిపోదు.

మీ అత్తగారి భయం న్యాయమైనదే. ఆవిడకి ఆ బేరియం ఫిల్మ్ చూపించమని డాక్టరుని అడగండి. మా అత్తగారు కూడా ఒప్పుకోలేదు. తెల్లటి మందు ఛాతీలోనే ఎలా నిలిచిపోయిందో కళ్లారా చూశాక ‘ఇది లోపల ఉంచుకుని ఎలా తిరుగుతున్నావే’ అన్నారు. పాడైన బ్యాండ్‌ని అలాగే వదిలేయడంలోనూ ప్రమాదం ఉందని ఆవిడకి తెలియాలి. తీయించడం వేరు, స్లీవ్ వేరు. మొదటిది దాదాపు తప్పనిసరి కావచ్చు, రెండోది మీ ఇష్టం.

ఆపరేషన్‌కి ముందు సుమారు రెండు వారాలు పిండి పదార్థాలు బాగా తగ్గించిన ద్రవాహారం ఇస్తారు, కాలేయం చిన్నదై సర్జన్‌కి చోటు దొరకడానికి. తర్వాత కూడా కొన్ని వారాలు ద్రవాలు, ఆపైన మెత్తటివి. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కప్పుతో కొబ్బరి బొండం నీళ్లు, పలచటి మజ్జిగ, పెసరకట్టు గుక్క గుక్కగా తాగాను. గ్లాసు ఎత్తి తాగే ప్రయత్నం చేయకండి.

ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో గుండె నిమిషానికి 120 సార్లకి పైగా కొట్టుకున్నా, జ్వరం వచ్చినా, ఎడమ భుజం నొప్పి, తగ్గని కడుపునొప్పి, ఆయాసం ఉన్నా గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. లీక్ అయి ఉండవచ్చు, నేరుగా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలి. నరసాపురం అవతల పంటు (పెద్ద పడవ) మీద గోదావరి దాటాల్సిన ఊళ్లవాళ్లు, లంకల్లో ఉండేవాళ్లు మొదటి కొన్నాళ్లు ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే చుట్టాలింట ఉండటం మేలు. ఇంకొకటి. వాంతులు తగ్గకపోతే మన దగ్గర వెంటనే ఆర్ఎంపీని పిలిచి గ్లూకోజు బాటిల్ పెట్టిస్తారు. రోజుల తరబడి వాంతులు అయినవాళ్లకి బి1 ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకి హాని జరగవచ్చు. మీకిప్పుడు బ్యాండ్‌తో కూడా ఇది వర్తిస్తుంది. నీళ్లు కూడా దిగని పరిస్థితి వస్తే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లి బ్యాండ్‌లోని సెలైన్ తీయించుకోండి. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి అడక్కుండా వేసుకోకండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతుంటే మోతాదు వెంటనే తగ్గించాల్సి రావచ్చు.

మామూలుగా తినగలనా అన్నారు. తినగలరు, తక్కువగా. బ్యాండ్‌తో ముద్ద ఛాతీలో ఇరుక్కునేది. స్లీవ్‌తో కడుపు నిండిన భావన త్వరగా వస్తుంది, ఇరుక్కోవడం సాధారణంగా ఉండదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసే భాగంలోనే కాబట్టి, మొదటి నెలల్లో ఆకలే సరిగ్గా తెలియదు. తర్వాత కొంత తిరిగి వస్తుంది. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలి. మన గోదావరి జిల్లాల్లో చేపకి కరువు లేదు కదా. నా కంచంలో ముందు చేప ముక్కో గుడ్డో, తర్వాత పప్పూ కూరా, చోటు మిగిలితే అన్నం. వానాకాలం పులస పులుసు కూడా ఇప్పుడు రెండు ముక్కలు హాయిగా తింటున్నాను. నీళ్లు మాత్రం అన్నంతో కాదు, అరగంట ఆగి. మల్టీవిటమిన్, బి12, కాల్షియం, విటమిన్ డి, ఐరన్ జీవితాంతం డాక్టరు చెప్పినట్టు వాడాలి. మూడో నెల నుంచి జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది. పిల్లల కోసం చూస్తుంటే 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, ఆ మాట ముందే సర్జన్‌తో మాట్లాడుకోండి. బరువు కూడా తగ్గుతుంది గానీ, మొదటిసారే స్లీవ్ చేయించుకున్నవాళ్లంత తగ్గకపోవచ్చు. ఆ లెక్కతోనే వెళ్లండి.

ఇన్సూరెన్స్ ఉంటే ముందే కంపెనీకి రాయండి. ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 40, లేదా 35 ఉండి దానితో గుండె జబ్బు, అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) లాంటివి ఉంటేనే బరువు ఆపరేషన్‌కి చెల్లిస్తారు. మన ఆసియావాళ్లకి బీఎంఐ 27.5 దాటితే చాలు, ఆపరేషన్ ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. అది వైద్యుల లెక్క, ఇన్సూరెన్స్ వాళ్లది వేరే లెక్క. బ్యాండ్ పాడవడం వల్ల తీస్తున్నారని ఉంటే ఆ కారణం కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి.

ఈ వారంలోనే హైదరాబాద్ ఆసుపత్రికి ఫోన్ చేసి పాత ఆపరేషన్ నోట్స్, బ్యాండ్ ఏ కంపెనీది, అందులో ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించారు అన్న కాగితాలు తెప్పించుకోండి. కొత్త సర్జన్ మొదట అడిగేవి అవే. సెలైన్ తీయించాక పులుపు తగ్గిందో లేదో ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.