భయం వచ్చిన రాత్రి ఎన్నిసార్లు ప్రార్థన చేయాలి?

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. నాకు 38 ఏళ్లు. మా ఆయన లారీ డ్రైవరు, కడప బండల లోడుతో రాయచోటి మీదుగా బెంగళూరు పోతుంటాడు. ఆరు నెలల కిందట గువ్వలచెరువు ఘాట్‌లో బండి పల్టీ కొట్టింది. దేవుని కృపతో చెయ్యి విరగడంతో బయటపడినాడు. మళ్లీ డ్యూటీ ఎక్కినప్పటి నుంచి నాకు రాత్రి ఒంటిగంటకో రెండింటికో మెలకువ వస్తుంది. గుండె దడ, చెమటలు, వేళ్లు తిమ్మిర్లు. ఇప్పుడే ప్రాణం పోతుందనిపిస్తుంది. రెండుసార్లు ఆస్పత్రికి పోతే ఈసీజీ బాగుందన్నారు. మానసిక డాక్టరు ఇచ్చిన మాత్ర మూడు వారాలు వేసుకున్నా. ప్రార్థన కూటంలో అక్కలు 'మాత్ర మింగితే ఇంక విశ్వాసం ఏడుందమ్మా' అన్నాక ఆపేసినా. శుక్రవారం నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటున్నా. రాత్రి వాగ్దానాల డబ్బాలోంచి బైబిలు వాక్యం ఉన్న కార్డు తీస్తా, మనసు కుదుటపడకుంటే ఇంకోటి తీస్తా. ఆయనకు పది పదిహేను సార్లు ఫోన్ చేస్తా. ఇప్పుడు ఆయన ఎత్తడమే మానేసినాడు. ఇంటర్ చదివే పాప నిద్ర మానుకుని నాకు కాపలా కూర్చుంటోంది. నేను దేవుణ్ణి నమ్మడం లేదా?
– ఒక సోదరి, కడప జిల్లా

జవాబు: నమ్ముతున్నారమ్మా. ఆ సంగతి ముందు తేల్చుకుందాం. లేకుంటే కింద చెప్పే ఏ పనీ మీరు నేరభావం లేకుండా చేయలేరు.

56వ కీర్తన మూడో వచనం మీకు నోటికి వచ్చే ఉంటుంది: 'నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను.' భయం రాని దినమున అనలేదు. ఆ కీర్తన పైనున్న శీర్షిక కూడా చదవండి. గాతులో ఫిలిష్తీయులు దావీదును పట్టుకున్న సందర్భం అది. అప్పుడు ఆయన ఏం చేశాడో మొదటి సమూయేలు 21వ అధ్యాయంలో ఉంది: ఆకీషు రాజుకు బహుగా భయపడ్డాడు, పిచ్చివాడిలా నటించాడు, గుమ్మం తలుపులు గీకుతూ గడ్డం మీద ఉమ్మి కార్చుకున్నాడు. భయం, ఉపాయం, ఆశ్రయం మూడూ ఒకే మనిషిలో ఉన్నాయి. పౌలు కూడా 'వెలుపట పోరాటములు, లోపట భయములు' అని కొరింథీయులకు దాచకుండా రాశాడు. మీ కూటంలో ఆ మాట అన్న అక్కలు చెడ్డవాళ్లు కారు, కానీ ఆ మాట మాత్రం వాక్యానుసారం కాదు.

ఇక రాత్రి జరిగేది. మీరు రాసిన లక్షణాలు పానిక్ అటాక్‌వి. ప్రమాదం లేకుండానే ఒంట్లో గంట మోగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి తెలియకుండానే ఎక్కువగా లాగేస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరి వస్తుంది. ఆ తిమ్మిరి చూసి పక్షవాతమో గుండెపోటో అనుకుంటారు, భయం రెట్టింపవుతుంది. మామూలుగా పది నిమిషాల్లో ఇది తారస్థాయికి చేరి, అరగంటలోపు దానంతటదే దిగిపోతుంది. ప్రార్థన చేసినా చేయకపోయినా దిగుతుంది. ఈ మాట కటువుగా ఉంటుందని తెలుసు, కానీ 'నా ప్రార్థన సరిపోలేదేమో' అన్న బెంగకు ఇదే మందు.

లేచి కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, వేడి పాలు ఊదినట్టు ఆరు లెక్కపెట్టేంత సేపు నోటితో వదలండి. ఐదు నిమిషాలు చేయాలి. వదిలేటప్పుడు మనసులో 'నిన్ను ఆశ్రయించుచున్నాను' అనుకోండి. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, భయంలో గట్టిగా, పెద్దగా పీలుస్తారు. అది తిమ్మిరిని ఇంకా పెంచుతుంది. పీల్చడం చిన్నగా ఉండాలి, వదలడం పొడుగ్గా ఉండాలి. ఇంకోటి, ఇది అటాక్ వచ్చిన రాత్రే మొదలుపెడితే కుదరదు. పగలు అన్నం పొయ్యి మీద ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు అలవాటు చేసుకోండి. అయితే పని చేసేటప్పుడు ఛాతీ బరువెక్కినా, ఎడమ చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినట్టయినా, పానిక్ అనుకుని ఊరుకోకండి. 108కి ఫోన్ చేయండి.

అసలు చిక్కు నాకు ఫోన్ దగ్గరా, ఆ వాగ్దానాల డబ్బా దగ్గరా కనిపిస్తోంది. భయం వస్తుంది, ఫోన్ చేస్తారు, ఆయన 'ఊఁ, బాగున్నా' అంటాడు, హమ్మయ్య అనిపిస్తుంది. మెదడు ఏం నేర్చుకుంటుందంటే, ఫోన్ చేశాం కాబట్టే ఆయన బతికున్నాడని. అందుకే అరగంటకే మళ్లీ అడుగుతుంది. కార్డు కూడా అంతే. మొదటి కార్డులో దేవుని మాట ఉన్నా చాలక రెండోది తీస్తున్నారంటే, అక్కడ వెతుకుతున్నది దేవుణ్ణి కాదు, కొంచెం ఊరటను. పైగా, ఘాట్‌లో స్టీరింగ్ పట్టుకున్న మనిషికి పది కాల్స్ వెళ్లడం ఎంత ప్రమాదమో డ్రైవరు భార్యగా మీకు నేను చెప్పనక్కర్లేదు.

ప్రార్థనను కూడా మీరు ఫోన్ లాగే వాడుతున్నారేమో చూసుకోండి. 'విసుగక ప్రార్థించమన్నాడు కదా యేసు' అంటారు. నిజమే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు కూడా అవే మాటలతో మూడుసార్లు ప్రార్థించాడు. ఆయనకూ ఆ రాత్రి చింత, విభ్రాంతి కలిగాయని మార్కు రాశాడు. శిష్యులను మెలకువగా ఉండమని బతిమాలాడు. మూడోసారి తర్వాత మాత్రం 'లెండి, వెళ్లుదము' అన్నాడు. మీకూ అదే కొలత. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఆయన బండి ఎక్కిన రోజు సాయంత్రం తేదీ వేసి, భయం ఏమిటో ఒక వాక్యంలో రాయండి, 'తండ్రీ, ఇది నీ చేతికిస్తున్నా' అని ముగించండి. రాత్రి మెలకువ వస్తే మళ్లీ అడగకండి, ఆ పేజీ తెరిచి 'ఇచ్చేశాను, వందనాలు' అని మూసేయండి. మరీ తట్టుకోలేకపోతే మొత్తం మూడుసార్లు అడగండి. నాలుగోసారి వద్దు, లేచి నీళ్లు తాగండి. డబ్బా వారం పాటు పాస్టరమ్మ దగ్గర పెట్టండి. బైబిలు మాత్రం పొద్దున్నే, వరసగా, అధ్యాయం మధ్యలో వదలకుండా చదవండి.

ఫోన్‌కు ఒప్పందం ఉండాలి. ఆయన ఇంట్లో ఉన్న రోజు, భోజనమయ్యాక చెప్పండి: 'నేను చేయను. నువ్వే మూడుసార్లు చెయ్, లోడు ఎక్కేటప్పుడు, రాత్రి తినేచోట, బండి నిలిపి పడుకునే ముందు.' తెల్లవారుజాము రెండు నుంచి ఐదు మధ్య కునుకు ఎక్కువగా పడుతుంది, ఆ వేళ బండి నిలిపి పడుకోమని అడగండి. ఇది అపనమ్మకం కాదు. యెరూషలేము గోడ కట్టేటప్పుడు శత్రువులు బెదిరిస్తే నెహెమ్యా ప్రార్థనా చేశాడు, కావలీ పెట్టాడు. మధ్యలో ఫోన్ చేయాలనిపిస్తే గడియారం చూసి పది నిమిషాలు ఆగండి. రెండో వారం ఇరవై. మొదటి నాలుగైదు రాత్రులు భయం ఇప్పటికంటే ఎక్కువే ఉంటుంది. అది పద్ధతి పనిచేయడం లేదని కాదు, అలవాటు మొండికేస్తోందని. చాలామంది అక్కడే వదిలేస్తారు.

మాత్ర సంగతి. ఇలాంటి మందులు చాలావరకు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తీసుకుంటాయి. మీరు ఆపింది సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే. ఉన్నట్టుండి ఆపితే తలతిరగడం, చిరాకు, నిద్ర చెడటం ఉండొచ్చు. పాత చీటీ చూసి మీరే మళ్లీ మొదలుపెట్టకండి, అదే డాక్టరు దగ్గరికి పోయి ఎప్పుడు ఆపారో చెప్పండి. దూరమైతే కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రి తట్టుకోలేకుంటే మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయలేదంటే అడగండి, రెండింటిలోనూ గుండె దడ వస్తుంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే డాక్టరుకో ఆ నంబరుకో చెప్పాలి, ఆదివారం దాకా ఆగకూడదు.

నీళ్లు లేని ఉపవాసం కొన్నాళ్లు మానండి. మన ఎండలకు ఒంట్లో నీరు తగ్గితే, కడుపు ఖాళీగా ఉంటే, చేతులు వణికి గుండె కొట్టుకుంటుంది. అది అచ్చం పానిక్‌లాగే ఉంటుంది. శనివారం తెల్లారేసరికి మీకు భయం ఎక్కువగా ఉంటోందా, గమనించండి. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు మొదట దొరికింది నిద్ర, దేవదూత ఇచ్చిన రొట్టె, నీళ్లు. ప్రసంగం కాదు. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ కూడా వద్దు.

ఒక్క సంగతి మాత్రం నేను మాటివ్వలేను, ఏ అయ్యగారూ ఇవ్వకూడదు. ఇంకెప్పుడూ ప్రమాదం జరగదని. రాజు నిలిపిన ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండంలో వేస్తామన్నప్పుడు షద్రకు, మేషాకు, అబేద్నెగో 'మా దేవుడు రక్షించగలడు, రక్షింపకపోయినా' అన్నారు. ఆ రెండో మాట మీ నోటికి రావడానికి నెలలు పట్టొచ్చు. తొందరపడకండి, ఎవరైనా తొందరపెడితే వినకండి.

పాపను ఈ రాత్రి నుంచే తన మంచం మీద పడుకోమనండి. 'అమ్మకు వచ్చేది ప్రాణం తీసేది కాదు, అరగంటలో తగ్గుతుంది' అని పగటిపూట చెప్పండి. కాపలా కూర్చుంటే రేపు ఆ పిల్లకూ ఇదే అలవాటవుతుంది.

ఇక ఒక రాత్రి ఆయన చెప్పిన వేళకు ఫోన్ రాదు. తప్పకుండా వస్తుంది అలాంటి రాత్రి. సిగ్నల్ ఉండదు, లేదా పడుకునిపోతాడు. దానికీ ఇప్పుడే నియమం పెట్టుకోండి: గంట ఆగాలి, తర్వాత ఒక్కసారి చేయాలి. ఎత్తకపోతే క్లీనరుకు, ఆ తర్వాత బండి ఓనరుకు. ఆ రెండు నంబర్లూ నోటుబుక్కు అట్ట లోపల పెద్ద అంకెలతో రాసి పెట్టండి.