స్టోరీలైన్‌లో పాఠం తెలుగులో ఉన్నా బటన్లు ఇంగ్లీషులోనే వస్తున్నాయి, ఎలా మార్చాలి?

కంప్యూటర్ పాఠాలు తయారుచేసే స్టోరీలైన్ సాఫ్ట్‌వేర్‌లో పాఠమంతా తెలుగులో పెట్టినా సబ్మిట్, నెక్స్ట్, జవాబు గుర్తించకుండా నొక్కితే వచ్చే హెచ్చరిక మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోతున్నాయన్నారు. మేమూ ఇక్కడే చిక్కుకున్నాం. మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు ఉన్న గుంటల (పిల్లల) కోసం సాయంత్రాలు లెక్కల పాఠాలు చేస్తుంటాం.

హోమ్ ట్యాబ్‌లో ప్లేయర్ తెరిచి టెక్స్ట్ లేబుల్స్‌లోకి వెళ్లండి. ఒక వరసలో అసలు మాటలుంటాయి, పక్క వరసలో మీ మాట టైపు చేసుకోవచ్చు. అయ్యాక అక్కడే సేవ్ చేస్తే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దాచుకుంటుంది. తర్వాతి పాఠంలో దాన్నే లోడ్ చేసుకోవచ్చు. నేను మొదటిసారి ఆ సేవ్ చూసుకోక, రెండో పాఠానికి మొత్తం మళ్లీ కొట్టుకున్నాను.

జవాబిచ్చాక వచ్చే చిన్న పెట్టెలోని కంటిన్యూ మాత్రం ఇలా మారదు. అది ఫీడ్‌బ్యాక్ లేయర్ మీదిది. వ్యూ ట్యాబ్‌లో ఫీడ్‌బ్యాక్ మాస్టర్ తెరిచి మార్చండి, అంతకుముందే చేసిన స్లయిడ్లను ఓసారి తిప్పి చూసుకోండి.

ఇదంతా ఒక పూట పని. ఏ మాట పెట్టాలన్న దగ్గరే మాకు వారం పట్టింది. సబ్మిట్‌కి నిఘంటువు చూసి ‘సమర్పించు’ అని పెట్టాను. ‘ఏటి సమర్పించాల మేస్టారూ, కొబ్బరికాయా?’ అన్నాడొక గుంటడు. తీసేసి ‘జవాబు పంపు’ అని పెట్టాం. ప్రీవియస్‌కి ‘ముందటిది’ అన్నది ఇంకా పెద్ద పొరపాటు. మనకి ‘ముందు’ అంటే గడిచిపోయిందీ అవుతుంది, ఎదురుగా ఉన్నదీ అవుతుంది. సగం మంది తర్వాతి లెక్క వస్తుందని అదే నొక్కి వెనక్కి పోయేవారు. ఇప్పుడు ‘వెనక్కి’, ‘తర్వాత’. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊరి రాజావారి బడిలోనే పాఠాలు చెప్పారు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి తిరిగిన ఊళ్లో కూర్చుని నేను ‘సమర్పించు’ అని రాశాను చూడండి!

స్టోరీలైన్ డబ్బు పెట్టి కొనలేని వాళ్లకి, ఇలాంటి పాఠాలే ఉచితంగా చేసుకునే హెచ్‌ఫైవ్‌పీ (H5P) ఉంది. అందులో ఈ మాటలన్నీ ఎడిటర్ అడుగున, టెక్స్ట్ ఓవర్‌రైడ్స్ అండ్ ట్రాన్స్‌లేషన్స్ అనే మడతలో ఉంటాయి. కిందిదాకా పోకపోతే కనబడవు. మార్కులు చెప్పే వాక్యంలో స్కోరు (కొన్నిచోట్ల num), టోటల్ అన్న ఇంగ్లీషు మాటల ముందు @ గానీ రెండు చుక్కల గుర్తు (:) గానీ కనిపిస్తుంది. అంకె వచ్చి కూర్చునే చోటది, దాన్ని తెలుగు చెయ్యకూడదు. మాతో పనిచేసే అమ్మాయి అదీ తెలుగులో రాసేసింది, తెర మీద అంకెకి బదులు ఆ మాటే పడింది. అలాగని ఉన్న వరసలోనే ఉంచేయకండి. ఇంగ్లీషు ముందు వచ్చిన మార్కు చెప్పి తర్వాత మొత్తం చెబుతుంది, మనం ‘10కి 7’ అంటాం. కాబట్టి టోటల్ గుర్తు ముందుకి తెచ్చి ‘కి’ తగిలించి, తర్వాత స్కోరు గుర్తు పెట్టండి.

‘కొనసాగించండి’ లాంటి పొడుగు మాటలు ఫోన్లో బటన్ దాటిపోతాయి, కింద వత్తులూ తెగుతాయి. కంప్యూటర్ మీద చూసి సరే అనుకోకుండా పాఠం పంపే ముందు ఒక చవక ఫోన్లో తెరిచి చూడండి. మరో మాట, ‘పంపు’ అనాలా ‘పంపండి’ అనాలా అని ఒకటి ముందే తేల్చుకోండి. మా పాఠాల్లో ఒక బటన్ నువ్వు అనేది, ఇంకోటి మీరు అనేది.

రీట్రై దగ్గర మాత్రం మాలో ఇంకా తగువే. ‘మళ్లీ చెయ్యి’ అని నేను, ‘ఇంకోసారి’ అని ఆ అమ్మాయి. ప్రస్తుతానికి ఆమె మాటే ఉంది, చిన్నదని.