కదలలేని రోజుల్లో కనే ప్రయాణాల కలలు మనసుకు మేలు చేస్తాయా?

దెబ్బ తగిలి నెలల తరబడి ఇంటికే పరిమితమైనవాళ్ళు ముందుముందు చేయబోయే ప్రయాణాల గురించి కలలు కంటూ ఉంటే ఊరట కలుగుతుందా, బెంగ ఇంకా పెరుగుతుందా అని అడిగారు. నా అనుభవంలో రెండూ జరిగాయి. ఏ కల ఊరటనిస్తుందో, ఏ కల బెంగ పెంచుతుందో నాలుగు నెలలు మంచం పట్టాక గాని నాకు తెలియలేదు కాబట్టి ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఉన్నది మా ఊళ్ళోనే. హౌరా–చెన్నై లైను మీద పోయే రైళ్ళ కూతలు మా ఇంట్లోకి స్పష్టంగా వినిపిస్తాయి. 2022 జూన్‌లో పెరట్లో నూతిగట్టు దగ్గర జారిపడి నా కుడికాలి ఎముక మోకాలి కింద విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. 2020 లాక్‌డౌన్‌లోనూ ఇంట్లోనే ఉన్నాను గాని, అప్పుడు ఊరు ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంది, ప్రయాణికుల రైళ్ళు కూడా ఆగిపోయాయి, అందువల్ల నేనొక్కదాన్నే ఏదో పోగొట్టుకుంటున్నానని అనిపించలేదు. ఈసారి రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి, మా బడిలో తోటి టీచర్లు పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఆగిపోయింది నేను మాత్రమే.

మొదటి నెలంతా ఫోనులో కాశ్మీరు, లడఖ్ వీడియోలు చూస్తూ గడిపాను. చూసినంతసేపూ బాగానే ఉండేది. ఫోను పక్కన పెట్టగానే మంచం మరింత ఇరుకుగా తోచేది, ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆ కొండలకు ఎలా వెళ్ళాలో, ఎప్పుడు వెళ్ళగలనో, ఎవరితో వెళ్తానో వేటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ కలలో నేను చేయవలసిన పని ఒక్కటీ లేకపోవడమే నన్ను కుంగదీసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

మార్పు మా అమ్మ వల్ల వచ్చింది. కాలు బాగుపడితే అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి తీసుకువస్తానని ఆమె మొక్కుకుంది. అరసవల్లి ఎంత దూరం గనక, ఒడిశాలోని కోణార్కలోనూ సూర్యుడే కదా, అక్కడికే వెళ్దాం అన్నాను. సోషల్ టీచరును కావడంతో మిగతాది దానంతట అదే అల్లుకుపోయింది. కోణార్క ఆలయాన్ని పదమూడో శతాబ్దంలో కట్టించిన మొదటి నరసింహదేవుడు తూర్పు గంగవంశం వాడు, ఆ గంగరాజుల తొలి రాజధాని కళింగనగరమేమో మన వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమే. ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన ఈ పాఠాన్ని అంతవరకు ఒక దారిగా నేను ఎన్నడూ చూసుకోలేదు.

అమ్మ పుట్టిల్లు సోంపేట దగ్గర పల్లె. ఒక మధ్యాహ్నం పాత స్కూల్ అట్లాసు ఒళ్ళో పెట్టుకుని స్టేషన్ల పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఉర్లాం, తిలారు, కోటబొమ్మాళి అని నేను ఒక్కొక్కటే అంటుంటే అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఒక్కో ఊరికి ఒక్కో సంగతి చెప్పుకొచ్చింది. నౌపడ అనగానే ఉప్పు మడుల్లో తెల్లగా పోసిన కుప్పలు, పలాస అనగానే జీడిపిక్కలు కాల్చే వాసన, మందస దాటితే ఇక కొబ్బరితోటలు. ఆమె బొటనవేలి గోరు గీత వెంబడి కదులుతూ ఇచ్ఛాపురం దగ్గర ఆగింది. “అక్కడ్నుంచి నాకు తెలీదమ్మా, నువ్వే చెప్పు” అంది. డెబ్బయ్యేళ్ళ వయసులో ఆమె ఇచ్ఛాపురం దాటి ఎప్పుడూ వెళ్ళలేదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. బరంపురం, ఛత్రపురం, రంభ, బాలుగావ్ అని చదివి, చిలికా సరస్సు గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. ఉత్తరంగా పోయేటప్పుడు నీళ్ళు కుడివైపు కనబడతాయి కాబట్టి కుడి కిటికీ పక్కన కూర్చోవాలని కూడా ఆ రోజే నిర్ణయించుకున్నాం.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: కలకు ఒక తేదీ ఉండాలి, ఒక తోడు ఉండాలి. అప్పట్లో రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు (2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు). ఎప్పటికి చేతికర్రతో నడవగలనో డాక్టరుగారిని అడిగి, ఆయన చెప్పిన గడువుకు మరో నెల కలుపుకుని, ఆగస్టులో మంచం మీద నుంచే డిసెంబరు మొదటి వారానికి రెండు టిక్కెట్లు తీసుకున్నాను. ఆ నెలలో చిలికాకు వలస పక్షులు వచ్చి ఉంటాయి, కోణార్కలో నాట్యోత్సవం జరుగుతుంది. అప్పట్లో బండి బయలుదేరడానికి 48 గంటలకు ముందే రద్దు చేసుకుంటే కొద్దిపాటి రుసుము మాత్రమే పోయేది కాబట్టి, కాలు మాట వినకపోయినా పెద్ద నష్టం ఉండేది కాదు. డాక్టరును అడగకుండా మాత్రం తేదీ పెట్టుకోవద్దు. అది తప్పిపోతే కలిగే నిరాశ చిన్నది కాదు.

టిక్కెట్లు తీసుకున్న రోజు నుంచి ఫిజియోథెరపీ నాకు శిక్షగా అనిపించలేదు. మోకాలు వంచడం రైలు మెట్టు ఎక్కడానికి, గోడ పట్టుకుని పది అడుగులు వేయడం గుడి ఆవరణ చుట్టి రావడానికి అనుకుంటూ చేశాను. కోణార్కలో జగమోహనాన్ని, అంటే గర్భగుడి ముందుండే మండపాన్ని, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇసుకతో నింపి మూసేశారని చదివినప్పుడు, లోపలికి ఎవరూ వెళ్ళలేరు గనుక నేనూ ఏమీ పోగొట్టుకోనని నిజంగా ధైర్యం వచ్చింది. నొప్పి తగ్గలేదు. రాత్రుళ్ళు ఏడ్చిన రోజులూ ఉన్నాయి. కాని తెల్లవారితే నేను చేయవలసిన పని ఒకటి ఉండేది.

డిసెంబరులో చేతికర్రతోనే వెళ్ళాం. ఇచ్ఛాపురం దాటాక అమ్మ మాటలు ఆపేసి, కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది. ఆ తరువాత వచ్చిన స్టేషన్ల పేర్లన్నీ నేనే చదివి చెప్పాను. రంభ దగ్గర సరస్సు కనబడింది. నేను మంచం మీద ఊహించుకున్న నీలం అక్కడ లేదు. మట్టి రంగు నీళ్ళు, వాటిలో వరుసగా పాతిన వెదురు కర్రలు, కర్రలకు కట్టిన వలలు, ఒక పడవలో గెడ వేస్తున్న మనిషి. అమ్మ చాలాసేపు చూసి, “నువ్వు చెప్పినట్టు లేదమ్మా, మన సోంపేట చెరువులాగే ఉంది, ఒడ్డే కనబడట్లేదు” అంది.