తిరుపతి మొక్కు రెండేళ్లు నడవదు

ఉత్తరం: నాకు 48 ఏళ్లు. రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ అయ్యాయి. ఇప్పుడు హార్మోన్ మాత్రలు వాడుతున్నాను, అయిదేళ్లు వాడాలట. జుట్టు వచ్చింది కానీ మాడు కనబడేంత పలచగా ఉంది. ఒళ్లు వచ్చింది, ముఖం మారిపోయింది. కుడి చెయ్యి వాచి గాజులు ఎక్కడం లేదు. మా వారు చాలా మంచివారు, ప్రతి కీమోకూ వెంట వచ్చారు. జబ్బు సంగతి మాత్రం ఎవరికీ చెప్పనివ్వలేదు. గుండు చూసినవాళ్లకు తిరుపతి మొక్కు అన్నారు. వచ్చే నెల మా బావగారి అమ్మాయి పెళ్లి. మా అమ్మాయికీ సంబంధాలు చూస్తున్నాం కాబట్టి, విగ్గు పెట్టుకుంటేనే రమ్మంటున్నారు మా వారు. ఎలాంటి విగ్గు బాగుంటుంది? పెళ్లయ్యేదాకా మాత్రలు ఆపితే ముఖం మామూలుగా అవుతుందా?

జవాబు: మాత్రలు ఆపకండి. అవి జబ్బు తిరగబెట్టకుండా కాపు కాస్తున్నవి. నెల రోజులు మానితే ముఖం మారిపోదు. జుట్టు పలచబడటం మరీ బాధగా ఉంటే డాక్టరుతో చెప్పండి, మందు మార్చే వీలుందేమో చూస్తారు. అది ముహూర్తం చూసుకుని మీరు తేల్చే విషయం కాదు.

విగ్గు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సింథటిక్‌ది చవక, కానీ వేడికి ముడుచుకుపోతుంది, హోమం దగ్గర కూర్చోలేరు. అసలు వెంట్రుకలది ఖరీదు. తిరుమల తలనీలాలు వేలంలో అమ్ముడై చాలావరకు విగ్గులకే వెళతాయి. మీ జుట్టు వెంకన్నకు ఇచ్చారని చెప్పిన మనిషే, ఇప్పుడు వెంకన్నకిచ్చిన జుట్టు కొని పెట్టుకోమంటున్నారన్నమాట! చదవగానే నవ్వాను, వెంటనే నా మీద నాకే కోపం వచ్చింది.

మీ వారు మంచివారే. సెలవు పెట్టి ప్రతిసారీ ఆస్పత్రిలో పక్కన కూర్చున్న మనిషిని నేను తక్కువ చేయను. ఆ మొక్కు మాట కూడా భయంతోనే అని ఉంటారు. కానీ మొక్కు జుట్టు ఏడాదిలో వస్తుంది, మీది ఇంకా పూర్తిగా రాలేదు. ఆయన ఆడిన అబద్ధం నిలబడటానికి ఇప్పుడు మీ నెత్తిన విగ్గు కావాలి. విగ్గు గురించి అడిగారు గానీ, అసలు మిమ్మల్ని తినేస్తున్నది కట్టుకున్నవాడే మీ ముఖాన్ని దాచుకోమన్నాడన్న బాధ. అద్దం ముందు ఎంతసేపు కూర్చున్నా అది పోదు.

అమ్మాయి సంబంధం కోసం అంటారా? రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. మీది ఆ కోవలోదో కాదో డాక్టరును అడగండి, అవసరమైతే జన్యు పరీక్ష రాస్తారు. అమ్మాయి ఏ వయసు నుంచి పరీక్షలు చేయించుకోవాలో కూడా అడగండి. దాచి పెళ్లి చేస్తే, రేపు ఆ పిల్ల ఆ పరీక్షకు వెళ్లాలన్నా అత్తవారింట్లో ఏదో ఒక మొక్కు కల్పించుకోవాలి. తల్లికి జబ్బు చేసిందని వెనక్కి పోయే సంబంధాన్ని పోనివ్వండి. నక్షత్రం కుదరలేదని, కట్నం చాలలేదని ఎన్ని పోవడం లేదు!

ఊరంతా చాటింపు వేయనక్కర్లేదు. ముందు మీ బావగారికి, తోడికోడలికి చెబితే చాలు. మీరు పక్కన ఉండగా మీ వారే ఫోను చేసి చెప్పాలి. అబద్ధం ఆయన నోటితో వచ్చింది, నిజమూ ఆ నోటితోనే రావాలి. అది జరిగేదాకా నేనైతే విగ్గు కాదు కదా, కిరీటం పెట్టి రమ్మన్నా ఆ పెళ్లికి వెళ్లను. జరిగాక విగ్గు పెట్టుకుంటారో, చీర కొంగు కప్పుకుంటారో, ఉన్న జుట్టుతోనే పూలు పెట్టుకు వెళతారో మీ ఇష్టం.

చెయ్యి వాపు గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు జుట్టు కంటే అదే ముఖ్యంగా కనబడింది. చంకలో గ్రంథులు తీసినవాళ్లలో కొందరికి ఇలా వస్తుంది, పట్టించుకోకపోతే ముదురుతుంది. ఈ వారమే డాక్టరుకు చూపించండి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపితే వ్యాయామాలు నేర్పుతారు, చేతి కొలత తీసుకుని బిగుతు తొడుగు ఇప్పిస్తారు. సబ్బు రాసి గాజులు ఎక్కించే ప్రయత్నం అసలు చేయకండి. పెళ్లికి గాజులన్నీ ఎడమ చేతికే వేసుకోండి. కుడి చెయ్యి బోసిగా ఉందేమని ఎవరైనా అడిగితే, మీ వారి వైపు చూడండి. ఆయన చెబుతారు.